కదలని తాబేలు

ఆసుపత్రి నేలమాళిగలో, స్కాను యంత్రమున్న గదికి ఆనుకుని ఉన్న గదిలో, తలలకి మొహాలుండవు. పక్క గదిలోంచి వచ్చిన ప్రతి స్కానులోంచీ ముక్కు, కళ్ళు, చెవులు, ఆఖరికి పుర్రెతో సహా ఒక ప్రోగ్రాము గీకి పారేస్తుంది. పేరూ ఊరూ ఉండవు, ఒక అంకె ఉంటుంది. మిగిలేది ఒలిచిన మెదడు ఒక్కటే. ఎందుకయ్యా ఇంత కసి అంటే, రోగి ఎవరో లెక్క కట్టేవాళ్ళకి తెలియకూడదట, తెలిస్తే లెక్కలో జాలి కలుస్తుందట. ఈ నియమం పెట్టింది ఆ విభాగానికి పెద్దాయన. అక్కడ ఆయన మాటకి ఎదురు చెప్పే మొనగాడు లేడు.

ఆ గదిలో లెక్కలు కట్టే మనిషిని ఆసుపత్రి అంతా లెక్కలమ్మ అనేది. డాక్టరు కాదు, గణితం చదివింది. కణితి ఉన్న మెదడుకి కొన్నాళ్ళ ఎడంతో తీసిన రెండు స్కానులు చేతికిస్తే చాలు, ఒకదాని మీద ఒకటి పరిచి రెండే రెండు సంగతులు తేల్చేది. కణాలు ఎంత జోరుగా పిల్లల్ని పెడుతున్నాయి, ఎంత జోరుగా పక్కకి పాకుతున్నాయి. ఆ రెండూ సమీకరణంలో పెట్టి నడిపిస్తే, తడిగుడ్డ మీద పడ్డ సిరాచుక్కలాగా, కణితి వచ్చే నెల ఎక్కడుంటుందో ఆపై నెల ఎక్కడుంటుందో తెరమీద ఎర్రగా పాకుతూ కనిపించేది. ఇంకా తీయని స్కానుని ముందే చూసెయ్యడమన్నమాట. కొత్తగా చూసినవాళ్ళకి ఒళ్ళు జలదరించేది. ఆవిడకి మాత్రం అలవాటైపోయింది, పైగా కాస్త గర్వం కూడాను. ఎవరైనా సరదాకి జోస్యం అంటే మండిపడేది.

ఆ ఏడు ఆవిడకి బాగా నచ్చిన తల ఒకటుండేది. ఎడమ కణత లోపల కణితి. దాని గురించి పై అంతస్తులో ఉండే సర్జనమ్మ అడిగింది ఒక్కటే ప్రశ్న. రోగి మాట మీద బతికే మనిషి, మాటలుండే చోటుకీ కణితికీ మధ్య వేలెడు దూరం కూడా లేదు. ఇప్పుడే కోస్తే కోతలో మాట దెబ్బతినొచ్చు. కణితి నిదానంగా పెరిగేదైతే మందులతో కొన్నాళ్ళు నెట్టుకురావచ్చు. జోరుగా పెరిగేదైతే ఆగడమంత పొరపాటు ఇంకోటి లేదు, మాటా పోతుంది, ఆ వెనకే మనిషీ పోతాడు. మరి నిదానమా, జోరా?

నిదానం అంది లెక్కలమ్మ. అలాంటిలాంటి నిదానం కాదు, రెండు స్కానుల మధ్య అంచు వెంట్రుకవాసి కూడా జరగలేదు. స్కాను చదివే డాక్టరుకి కంటితో చూస్తే కాస్త పెద్దదైనట్టే అనిపించింది గానీ, రోగి తల కొంచెం వంచి పడుకున్నా అలాగే అనిపిస్తుంది, లెక్క కదల్లేదంటోంది కదా అని ఆయనా సరిపెట్టుకున్నాడు. ఆవిడ ముచ్చటపడి ఆ తలకి తాబేలు అని పేరు పెట్టుకుంది. ఆవిడ మాట మీద రోగి ఆపరేషను వాయిదా వేసుకున్నాడు.

దాచిపెట్టి చివర్లో బయటపెట్టడానికి ఇదేం దొంగాట కాదు గనక ఇక్కడే చెప్పేయాలి. ఆ తల ఆవిడ బావది. సొంత అక్క మొగుడిది. ఆ సంగతి ఆవిడకీ తెలియదు, అక్కకీ తెలియదు. తెలిసింది ఆయనకొక్కడికే. తన మెదడు లెక్క కడుతున్నది ఎవరో కూడా ఆయనకి తెలుసు.

ముగ్గురూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. కింద అక్కా బావా, మేడ మీది గదిలో ఆవిడ. బావ రేడియోలో ఆటల వ్యాఖ్యాత. బంతి ఎవరి కాలికి తగిలితే వాళ్ళ పేరు, వాళ్ళ ఊరు, వాళ్ళ నాన్న ఏం చేసి బతికేవాడో కూడా ఊపిరి తీసుకోకుండా చెప్పే రకం. ఇంట్లోనూ అంతే, నోటికి విశ్రాంతి లేదు. మీ నోట్లో ఉన్నది నాలుక కాదు, మోటారు అని అక్క దెప్పేది. దానికీ ఆయన దగ్గర నాలుగు జవాబులుండేవి.

భోజనాల దగ్గర ఆయన అడిగేది మాత్రం రోజూ ఒకటే. ఏమంటోంది నీ తాబేలు? ఆసుపత్రి కబుర్లు కంచాల దగ్గరికి తేవొద్దని అక్క విసుక్కునేది. అంకె కూడా చెప్పడం లేదు, ఇక నియమం తప్పిందెక్కడ అని ఆవిడ హుషారుగా మొదలెట్టేది. నిద్రపోతోంది బావా, దానికి కణితి జబ్బు కంటే బద్ధకం జబ్బు ఎక్కువగా ఉంది అనేది. ఆయన పగలబడి నవ్వి కంచంలో ఇంకొంచెం వడ్డించుకునేవాడు. ఒక్కరోజు మాత్రం నవ్వలేదు. ఆ తల ఎవరిదో తెలిస్తే నీకెలా ఉంటుంది అని అడిగాడు. ఎవరిదైతే నాకేంటి, నాకు కావలసింది అంచు అంది ఆవిడ, నీళ్ళు తాగుతూ. మంచిదేలే అన్నాడాయన. ఆ మాట తలుచుకుని ఆవిడ తర్వాత ఎన్నిసార్లు చెంపలు వాయించుకుందో లెక్క లేదు.

తాబేలుకి కొత్త స్కాను వచ్చిన పొద్దున ఆవిడ కాఫీ కప్పు పక్కన పెట్టుకుని, పాతదాని మీద కొత్తది పరిచింది. ఈసారీ కదల్లేదు. అంచుకి అంచు అతికినట్టు సరిపోయింది. సంతోషంగా పెద్దాయనకి కబురు చెప్పబోయి, ఫోను మీద చెయ్యేసి ఆగిపోయింది. ఏదో తేడాగా ఉంది. ప్రాణమున్న మెదడు ఏదీ రెండుసార్లు ఒకేలా ఉండదు. ఆ పూట మనిషి నీళ్ళు తక్కువ తాగినా ఒక పిసరు తగ్గుతుంది. నిక్షేపంలా ఉన్న మెదళ్ళే అలా మసులుతుంటే, కణితి పెట్టుకున్నది ఇలా బిగుసుకుపోవడమేమిటి? చచ్చినవాడి మెదడు కూడా ఇంత కదలకుండా ఉండదే అనుకుంది. అనుకున్నాక ఫోను మీంచి చెయ్యి తీసేసింది.

రెండు స్కానులు ఒకదాని మీద ఒకటి పరచాలంటే కొత్తదాన్ని కాస్త తిప్పి, కాస్త జరిపి పాతదానికి సరిపెట్టాలి. ఆ పని చేసే ప్రోగ్రాము, ఏ చుక్కని ఎటు జరిపిందో బాణాలు గీసి చూపిస్తుంది. ఆ బాణాల వంక ఎవరూ చూడరు. అంత తీరిక ఎవరికుంది? ఆవిడ ఆ పూట చూసింది. మామూలుగానైతే చిన్న చిన్న బాణాలన్నీ ఒకే వైపు తిరిగి ఉండాలి. ఇక్కడ ఎడమ కణత చుట్టూ వందలకొద్దీ బాణాలు, అన్నీ పొడుగ్గా, అన్నీ లోపలికి తిరిగి, ఒకే చోటికి గురిపెట్టి ఉన్నాయి. బయటికి వస్తున్న దేన్నో అందరూ కలిసి తలుపు మీద భుజాలు ఆనించి లోపలికి నెడుతున్నట్టు ఉంది.

అప్పుడు తట్టింది. దీనికి ముందు ఆవిడ పనిచేసింది పసిపిల్లల మెదళ్ళ మీద. పసివాళ్ళ మెదడు నెలనెలకీ ఆకారం మారుతుంది, అందుకని సరిపెట్టే ప్రోగ్రాముకి పగ్గాలు వదిలేసింది. ఎంత కావాలంటే అంత సాగదియ్యి, ఎంత కావాలంటే అంత నొక్కు అని. ఆ పని అయ్యాక పగ్గాలు మళ్ళీ బిగించడం మరిచిపోయింది. ఇంకేముంది, ప్రోగ్రాము చెప్పిన పని చెప్పినట్టే చేసింది. పెరిగిన కణితిని నొక్కి నొక్కి పాత కొలతకి తెచ్చి, ఇదుగో సరిపోయింది అని చూపించింది. మొదటిసారీ అంతే, ఇప్పుడూ అంతే. అది పాకుతూనే ఉంది. పాకిన ప్రతిసారీ దాన్ని పట్టుకుని డిప్పలోకి తోసేసింది ఆవిడే.

ఎవరో ఒక మనిషి, మాట మీద బతికే మనిషి, తన లెక్కని నమ్మి ఇంట్లో కూర్చున్నాడు. తప్పు సరిచేయాలంటే ఎముకని పట్టుకోవాలి. మెదడు నలుగుతుందేమో గానీ పెద్దవాళ్ళ పుర్రె నలగదు. పుర్రెకి పుర్రె సరిపెడితే లోపల ఏది పెరిగిందో దొంగచాటు లేకుండా తెలుస్తుంది. అందుకని గీకని అసలు స్కాను తెరిచింది. ఆ తలుపు ఆవిడ తెరవొచ్చు, ఇన్నాళ్ళూ తెరిచే పని పడలేదంతే. పొరలు పొరలుగా వచ్చాయి. అలవాటు కొద్దీ వేలు మీట నొక్కింది, పొరలన్నీ కలిసి తల అయ్యాయి.

వెంట్రుకలు ఆ స్కానులో పడవు, అందుకని బోడితల. బూడిదరంగు చర్మం. మూసిన కళ్ళు. యంత్రం చప్పుడు వినపడకుండా పెట్టిన మెత్తల కింద చెవులు నలిగి తలకి అంటుకుపోయాయి. పక్కకి తిరిగి ఉందా తల. ఆవిడ మౌసుతో మెల్లగా తన వైపు తిప్పుకుంది. ముందు చెంప వచ్చింది, తర్వాత ముక్కు వచ్చింది. ముక్కు ఎడమకి వంకర. కుర్రతనంలో బంతి తగిలి విరిగిన ముక్కు. ఆ విరిగిన వైనం ఆయన నోట వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి, అయినా విన్న ప్రతిసారీ నవ్వు ఆగేది కాదు. పొద్దున్నే ఆ ముక్కుని ఎదురుగా చూసి వచ్చింది. అదే మొహం ఇప్పుడు కళ్ళు మూసుకుని, రంగు లేకుండా, మెడ దగ్గర తెగిపోయి, చీకటి తెరలో తేలుతూ ఆవిడ వైపు తిరిగి ఉంది.

"బావా" అంది ఆవిడ తెరతో. అన్నాక, ఎక్కడ కళ్ళు తెరుస్తుందో అని భయమేసి కుర్చీ వెనక్కి జరుపుకుంది.

ఎన్నో వారాలుగా ఈ మెదడుని పొరలు పొరలుగా కోసింది, బొంగరంలా తిప్పింది, కాఫీ తాగుతూ జోకులేసింది. అయినా చేతులు పని మానలేదు. పుర్రెకి పుర్రె సరిపెట్టి, సమీకరణం మళ్ళీ నడిపించింది. నిదానం లేదు, గిదానం లేదు. ఎరుపు పరుగెత్తింది. స్కానుకి కనిపించే అంచు దాటి, కనిపించనంత పల్చగా ఎప్పుడో ముందుకి వెళ్ళిపోయింది. లెక్క ప్రకారం ఇవాళ్టికి అది ఎడమ కణత కొసకి చేరి ఉండాలి. ఆ కొస చెడితే ముందు మనుషుల పేర్లు పోతాయి, మొహాలు మాత్రం గుర్తుంటాయి అని స్కాను చదివే డాక్టరు ఎప్పుడో మాటల్లో చెప్పాడు.

అప్పుడు ఆవిడకి ఇల్లు గుర్తొచ్చింది. ఈ మధ్య బావ ఎవరినీ పేరు పెట్టి పిలవడం లేదు. పక్కింటాయన తాళాలగుత్తి. ఎదురింటావిడ గొడుగమ్మ. రేడియోలో ఆటగాళ్ళందరికీ ముద్దుపేర్లే, ఒకడు గుర్రం, ఒకడు గోడ, ఇంకొకడు పొడుగుకాళ్ళు. జనం తెగ మెచ్చుకున్నారు. వయసు పెరిగేకొద్దీ వెటకారం పండుతోంది అని రేడియోవాళ్ళు ఆయన్ని ఆకాశానికెత్తారు. అక్క నవ్వింది. తనూ నవ్వింది. పేరు పోయిన ప్రతి చోటా ఆయన ఒక అతుకు వేసుకుంటూ వచ్చాడన్నమాట, అందరూ ఆ అతుకుల్ని చూసి చప్పట్లు కొట్టారన్నమాట.

తెరమీద లెక్క ఆగలేదు. ఇవాళ్టిని దాటి, వచ్చే నెలని దాటి, ఎరుపు మెదడు రెండు సగాల్నీ కలిపే వంతెన ఎక్కి అవతలి సగంలోకి దిగుతోంది. పక్కనే ఆ మొహం, ఏమీ ఎరగనట్టు కళ్ళు మూసుకుని ఉంది. ఆపే మీట నొక్కాలన్న ధ్యాస కూడా లేకుండా ఆవిడ పెద్దాయన గదికి పరుగెత్తింది. వెనకాల ఖాళీ గదిలో ఆ తల, చూసే దిక్కు లేకుండా, తన రాబోయే రోజుల్ని తనే నడుపుకుంటూ ఉండిపోయింది.

పెద్దాయన విని, మొహం పాలిపోయి, సర్జనమ్మకి ఫోను కలిపాడు. సర్జనమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. రోగిని రేపే చేర్చుకుంటాను, కబురు నేనే చేస్తాను అని పెట్టేసింది. నీకు ఆ రోగి ఎవరో తెలియదు, ఏమీ ఎరగనట్టు ఇంటికెళ్ళి నోరు మూసుకుని కూర్చో అన్నాడు పెద్దాయన. ఇన్నాళ్ళూ ఎరగకపోబట్టే కదండీ ఇంత జరిగింది అని లెక్కలమ్మ లోపలే అనుకుంది. సంచీ తీసుకుని బయటపడింది.

ఇంటికి చేరేసరికి ఎండ ఇంకా చురుక్కుమంటోంది. వంటింట్లో అక్క గిన్నెలు తోముకుంటోంది. ముందుగదిలో బావ మంచం నిండా ఫోటోలు పరుచుకుని కూర్చున్నాడు. మర్నాటి ఆటలో దిగేవాళ్ళ ఫోటోలు. ఒక్కొక్కటే తీసి కళ్ళ దగ్గర పెట్టుకుంటున్నాడు, పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. పక్కన పెట్టి ఇంకోటి తీస్తున్నాడు. గుమ్మంలో నిలబడి ఆవిడ ఆయన కణత వంక చూసింది. చూడకుండా ఉండలేకపోయింది. నెరిసిన జుట్టు కింద, నరం కొట్టుకుంటున్న చోట, ఇంత లోతున ఎక్కడ ఏ రంగు ఉందో ఆవిడకి చర్మం మీద గీసినట్టు కనబడుతోంది.

"బావా, తాబేలు నువ్వేనా?"

ఆయన తలెత్తలేదు. "ఎవరు చెప్పారు?"

"నీ ముక్కు."

ఆయనకి నవ్వొచ్చింది. నవ్వు సగంలో మరదలి మొహం చూసి ఆపేశాడు. ఆవిడ వెళ్ళి మంచం పక్కన నేలమీద కూర్చుంది. నిలబడి చెప్పే ఓపిక లేదు.

"నా లెక్క తప్పు బావా. అది నిదానం కాదు. మొదట్నించీ కాదు. తప్పు కట్టింది నేనే, ఇంకెవరూ కాదు."

ఆయన ఫోటోలన్నీ పోగుచేసి, అంచులు సమంగా తట్టి, దిండు మీద పెట్టాడు.

"పేర్లు పోతున్నాయని నాకు తెలుస్తూనే ఉంది" అన్నాడు. "నువ్వేమో రోజూ నిద్రపోతోంది, నిద్రపోతోంది అనేదానివి. సరే, వయసేమో అనుకున్నా. నీ లెక్కని నమ్మాను, నా నోటిని నమ్మలేదు."

ఎందుకు చెప్పలేదు బావా అని అడిగింది ఆవిడ. అడుగుతూనే ఏడ్చేసింది. నీకు చెబితే నీ చెయ్యి వణికేది, నాకు వణకని లెక్క కావాలనిపించింది అన్నాడాయన. నీ తల అని తెలిస్తే వణికేదాన్నే, వణుకుతూ ఒకటికి పదిసార్లు చూసుకునేదాన్ని, ఆ బాణాలు మొదటి రోజే కనపడేవి అంది ఆవిడ. ఏ బాణాలో ఆయనకి అర్థం కాలేదు, అడగనూ లేదు. చెయ్యి చాచి ఆవిడ తలమీద పెట్టాడు.

"నాకు భయంగా ఉంది" అన్నాడు. "కోస్తే ఎంత మిగుల్తుంది?"

అబద్ధం చెప్పడానికి ఆవిడ నోరు తెరిచింది. చెప్పలేకపోయింది. ఆ ఇంట్లో ఆవిడ చెప్పిన ధైర్యాలు ఇక చాలు.

"తొందరగా కోస్తే మాట మిగలొచ్చు. పేర్లు మిగలవు బావా. ఆ చోటు కోతలో పోతుంది. ఉన్నవి కూడా."

ఆయన తల ఊపాడు. ఆసుపత్రి ఫోను మోగేలోగా మీ అక్కకి నేనే చెప్పాలి అంటూ లేచాడు. చొక్కా సర్దుకున్నాడు, ఆటకి వెళ్ళే ముందు సర్దుకున్నట్టే. వంటింటి గుమ్మం దాకా వెళ్ళాడు. లోపల కుళాయి ధారగా పారుతోంది, అక్క ఇటు వీపు పెట్టి తోముతోంది. ఆయన పిలవబోయాడు. పిలవలేదు. ఎన్నో ఏళ్ళుగా అక్కని ఏమోయ్ అనే పిలుస్తున్నాడు, నలుగురిలో అయినా అంతే, నాలుగు గోడల మధ్యా అంతే. ఇవాళ ఆ పిలుపు సరిపోదనిపించిందేమో, గుమ్మంలో చెయ్యి ఆనించి అలా నిలబడిపోయాడు. నిలబడి నిలబడి, చప్పుడు కాకుండా వెనక్కి వచ్చి, మరదలి పక్కన వంగాడు.

"మీ అక్క పేరేంటి?" అని అడిగాడు చాలా మెల్లగా.

వేళాకోళమేమో అని ఆవిడ ఆయన కళ్ళలోకి చూసింది. కాదు. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. ఆయన పెదాలతో ఒకసారి అనుకున్నాడు. ఇంకోసారి చెప్పు అన్నాడు. చెప్పింది. దాన్ని ఒలికిపోకుండా మోసుకెళ్ళేవాడిలా, ఇంకెటూ చూడకుండా గబగబా వంటింట్లోకి నడిచి, అక్కని పేరు పెట్టి పిలిచాడు.

కుళాయి చప్పుడు ఆగింది.

"ఎవరికేమైంది?" అంది అక్క.